భారత కార్ల పరిశ్రమ: ధర చుట్టూ తిరిగిన వందేళ్లు

భారతదేశంలో కార్ల పరిశ్రమ బిగింపు పనితో మొదలైంది. ఫోర్డ్ 1926లో ఇక్కడ అనుబంధ కంపెనీ పెట్టింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో ఫ్యాక్టరీ తెరిచింది. ఓడల్లో పెట్టెలకు పెట్టెలుగా వచ్చిన భాగాలను విప్పి, బిగించి, రంగు వేసి అమ్మడమే అక్కడి పని. కొనేవారు సంస్థానాధీశులు, జమీందార్లు, పేరుమోసిన వకీళ్లు, డాక్టర్లు, తెల్ల అధికారులు. అంత కొద్దిపాటి గిరాకీ కోసం ఇంజను దిమ్మెలు పోతపోసే ఫౌండ్రీలూ, ఉక్కు రేకులను బాడీలుగా వత్తే ప్రెస్సులూ ఇక్కడ పెడితే పెట్టుబడి తిరిగిరాదని ఆ కంపెనీల లెక్క. లెక్క తప్పు కాదు. కారు తయారీ ఖర్చులో పెద్ద వాటా ముందే పెట్టాలి: డిజైను, డైలు, యంత్రాలు, షెడ్లు. ఆ ఖర్చు పది వేల కార్ల మీద పడితే ఒక ధర, రెండు లక్షల కార్ల మీద పడితే ఇంకో ధర. ధర దిగితేగాని కొనేవారు పెరగరు, కొనేవారు పెరిగితేగాని ధర దిగదు. ఈ ముడిని ఎవరు, ఎప్పుడు, ఎంతమేరకు విప్పగలిగారన్నదే ఈ పరిశ్రమ చరిత్రలో అసలు విషయం.

తొలి గట్టి ప్రయత్నం మోక్షగుండం విశ్వేశ్వరయ్యది. ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం ఆయన పూర్వీకుల ఊరు. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు వరద రక్షణ పథకం రచించిన ఇంజనీరుగా తెలుగువారికి ఆయన బాగా తెలుసు. కార్ల కోసం ఆయన పడిన పాటు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. మైసూరు దివాను పదవి వదిలిన చాలా ఏళ్లకు, డెబ్బై దాటిన వయసులో, 1935లో ఆయన ఐరోపా, అమెరికా దేశాలు తిరిగి మోటారు ఫ్యాక్టరీలు చూశారు. తిరిగొచ్చి సొంత కార్ల ఫ్యాక్టరీకి పథకం తయారుచేశారు. షోలాపూర్ మూలాలున్న పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ పెట్టుబడి సమీకరణకు ముందుకొచ్చారు. అమెరికాలోని క్రైస్లర్‌తో సంప్రదింపులు సాగాయి. కానీ దీన్ని యుద్ధావసర పరిశ్రమగా గుర్తించడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఫౌండ్రీలు, యంత్ర పరికరాలు, నిపుణ కార్మికులు తయారుకావడానికి ఒక దశాబ్దం ముందే దొరకాల్సిన అవకాశం అలా చేజారింది.

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మూడు దేశీయ కంపెనీలు రూపుదిద్దుకుంటున్నాయి. బి.ఎం. బిర్లా 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవు దగ్గర హిందుస్థాన్ మోటార్స్ స్థాపించారు. 1948లో అది కలకత్తా పక్కనున్న ఉత్తరపారాకు మారింది. వాల్‌చంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. దాని ఫ్యాక్టరీ బొంబాయి కుర్లాలో. మద్రాసులో 1948లో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వచ్చింది. 1949లో ప్రభుత్వం పూర్తిగా తయారై వచ్చే కార్ల దిగుమతిని ఆపింది. 1953లో టారిఫ్ కమిషన్ ఇంకో అడుగు ముందుకేసి, భాగాలను క్రమంగా ఇక్కడే తయారుచేసే కార్యక్రమం లేనివారు ఈ రంగంలో ఉండనక్కరలేదని సిఫారసు చేసింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ దుకాణం కట్టేసి వెళ్లిపోయాయి. బిగింపు నుంచి తయారీకి దేశాన్ని నెట్టిన ఈ నిర్ణయం సరైనదే. కష్టం ఆ తర్వాత మొదలైంది.

హిందుస్థాన్ మోటార్స్ బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర అంబాసిడర్‌ను తెచ్చింది. ప్రీమియర్ 1954 నుంచి ఫియట్ 1100ను తయారుచేసింది. అదే తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. స్టాండర్డ్ కంపెనీ 1961లో హెరాల్డ్‌ను దించింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు దేశంలో కారంటే దాదాపు ఈ మూడే. ఎవరు ఎన్ని కార్లు తయారుచేయాలో లైసెన్సు చెప్పేది. కొత్త యంత్రం తెప్పించాలంటే విదేశీ మారకం కావాలి, దానికి మళ్లీ ఢిల్లీ అనుమతి. 1969లో ప్రభుత్వం కార్ల ధరల మీద కూడా నియంత్రణ పెట్టింది; కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. కారు విలాస వస్తువని, దాని మీద దేశం వనరులు ఖర్చు చేయకూడదని అప్పటి పాలకులు నమ్మారు. తిండిగింజలు దిగుమతి చేసుకుంటున్న దేశంలో ఆ మాటను తేలిగ్గా తోసేయలేం. అయినా దాని ఫలితం విచిత్రంగా తేలింది. 1980 దాకా కార్ల ఉత్పత్తి ఏడాదికి నలభై వేల దరిదాపుల్లోనే ఆగిపోయింది. డబ్బు కట్టినవాడు ఏళ్ల తరబడి వేచి ఉండాల్సి వచ్చేది. వంతు వచ్చి బండి అందుకున్నవాడు అదే రోజు దాన్ని ఎక్కువ ధరకు అమ్ముకోగలిగేవాడు. ధర అదుపులో పెట్టడం వల్ల మిగిలిన డబ్బు కంపెనీకీ పోలేదు, ఖజానాకూ రాలేదు. క్యూలో ముందున్నవాడి జేబులోకి చేరింది. కొత్త నమూనా తేవడానికి కంపెనీల దగ్గర సొమ్మూ లేదు, తేవాల్సిన తొందరా లేదు.

అదే కాలంలో దక్షిణ కొరియా కూడా తన కార్ల పరిశ్రమను దిగుమతుల నుంచి కాపాడింది. హ్యుందాయ్ 1967లో పుట్టింది. 1975లో పోనీ అనే సొంత నమూనాను తెచ్చింది. 1986లో అమెరికాలో కార్లు అమ్మడం మొదలుపెట్టింది. తేడా ఒక్కచోటే ఉంది. కొరియా ప్రభుత్వం రక్షణకు బదులుగా ఎగుమతులను అడిగింది. ఎగుమతి చేయాలంటే నాణ్యత పెరగాలి, సంఖ్య పెరగాలి, ధర దిగాలి. భారత ప్రభుత్వం రక్షణ ఇచ్చింది గానీ బదులు ఏమీ అడగలేదు. 1990ల చివర ఆ కొరియా కంపెనీయే మద్రాసు శివార్లలో ఫ్యాక్టరీ పెట్టి ఇక్కడి కంపెనీలకు పోటీగా నిలిచింది.

లైసెన్సుల ఆ దశాబ్దాలు పూర్తిగా వ్యర్థం కాలేదని అనేవారికి చూపించడానికి ఒక ఆధారం ఉంది. కుర్లా, ఉత్తరపారా, మద్రాసుల చుట్టూ విడిభాగాల తయారీ పుట్టింది. ఊరూరా మోటారు షెడ్లు వెలిశాయి. కాకినాడలోనైనా కరీంనగర్‌లోనైనా అంబాసిడర్‌ను విప్పి బిగించగల మెకానిక్ దొరికేవాడు. కొత్త ఇంజను దొరకని చోట పాత ఇంజనుకే మళ్లీ మళ్లీ ప్రాణం పోసిన ఆ చేతుల నైపుణ్యం మీదే అంబాసిడర్ టాక్సీ అంతకాలం నడిచింది.

చౌక కారు కావాలన్న మాట 1960 ప్రాంతంలోనే ప్రభుత్వ సంఘాల నివేదికల్లో కనిపిస్తుంది. 1971లో ప్రధాని ఇందిరా గాంధీ కుమారుడు సంజయ్ గాంధీ ఢిల్లీ పక్కనే గుడ్‌గావ్‌లో మారుతి మోటార్స్ పెట్టారు. పూర్తి దేశీయ చిన్న కారు తయారుచేస్తామన్నారు. ఆ కంపెనీ నుంచి మార్కెట్లోకి చెప్పుకోదగ్గ కారేదీ రాలేదు. 1970ల చివరికి అది దివాలా తీసింది. 1980 జూన్‌లో విమాన ప్రమాదంలో ఆయన మరణించిన తర్వాత పార్లమెంటు చట్టం చేసి దాని ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1981 ఫిబ్రవరిలో మారుతి ఉద్యోగ్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఏర్పడింది. కుటుంబ రాజకీయం నుంచి పుట్టిన ఈ సంస్థ ఎక్కువ కాలం నిలవదని చాలామంది అనుకున్నారు.

బీహెచ్ఈఎల్‌ను నడిపి పేరు తెచ్చుకున్న వి. కృష్ణమూర్తి మారుతి ఉద్యోగ్ నాయకత్వం తీసుకున్నారు; ఐఏఎస్ వదిలి వచ్చిన ఆర్.సి. భార్గవ ఆయనతో పనిచేశారు. భాగస్వామి కోసం ఐరోపా, జపాన్ కంపెనీలతో మాట్లాడారు. చాలామందికి భారత మార్కెట్ మీద నమ్మకం కుదరలేదు. జపాన్‌లోనే పెద్ద కంపెనీల ముందు చిన్నదైన సుజుకి ముందుకొచ్చి, సొంత డబ్బుతో 26 శాతం వాటా తీసుకుంది. ఒప్పందం 1982 అక్టోబరులో జరిగింది. ఏడాదికి లక్ష కార్ల లక్ష్యం పెట్టుకున్నారు. దేశం మొత్తం అమ్మకాలు నలభై వేల చుట్టుపక్కల ఉన్న రోజుల్లో అది సాహసమే. 1983లో పది వేల రూపాయల అడ్వాన్సుతో బుకింగ్‌లు తెరిస్తే లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. గిరాకీ లేదన్న పాత వాదం ఆ ఒక్క బుకింగ్‌తో కూలిపోయింది. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలను ఇందిరా గాంధీ అందజేశారు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. ధర సుమారు 47,500 రూపాయలు. ఇంధనం ఆదా చేసే చిన్న ఇంజన్లకు ప్రభుత్వం సుంకాల్లో రాయితీ ఇచ్చింది. ఆ రాయితీ కూడా ధరలో కలిసి పనిచేసింది.

మారుతి తెచ్చిన మార్పు కారుతో ఆగలేదు. అధికారికీ కార్మికుడికీ ఒకే యూనిఫారం, ఒకే క్యాంటీను, తలుపులు లేని ఆఫీసు. వీటికన్నా లోతైనది విడిభాగాల ఏర్పాటు. ఐదేళ్లలో దాదాపు అన్ని భాగాలూ దేశంలోనే తయారుకావాలని ప్రభుత్వం షరతు పెట్టింది. 1985 తర్వాత జపాన్ యెన్ విలువ బాగా పెరిగి, దిగుమతి కిట్ల ఖర్చు ఒక్కసారిగా బరువెక్కింది. షరతు లేకపోయినా ఇక్కడ తయారుచేయక తప్పని పరిస్థితి వచ్చింది. స్టీరింగుకు సోనా, ఏసీలకు సుబ్రోస్, వత్తిన రేకు భాగాలకు జై భారత్ మారుతి వంటి సంస్థలు ఫ్యాక్టరీకి దగ్గర్లోనే పుట్టాయి. కొన్నింటిలో మారుతి తానే వాటా పెట్టింది. గుడ్‌గావ్ నుంచి మానేసర్ దాకా విడిభాగాల పట్టణం ఒకటి పెరిగింది. నేడు దేశం నుంచి గేర్లు, ఫోర్జింగులు, బ్రేకులు ఐరోపాకు, అమెరికాకు వెళ్తున్నాయంటే దాని పునాది ఆ షరతులో ఉంది. కొరియా పాఠాన్ని భారత్ ఇరవై ఏళ్లు ఆలస్యంగానైనా నేర్చుకుందని చెప్పడానికి ఇది గట్టి సాక్ష్యం.

పాత కంపెనీలు తట్టుకోలేకపోయాయి. స్టాండర్డ్ 1985లో తెచ్చిన ఖరీదైన స్టాండర్డ్ 2000 అమ్ముడుపోక, కొద్ది ఏళ్లకే ఫ్యాక్టరీ మూతపడింది. పద్మిని 2000 ప్రాంతంలో ఆగింది. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో నిలిచిపోయింది. ఆ పేరును 2017లో 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్‌కు చెందిన పెజో కొనుక్కుంది. అంబాసిడర్‌ను ఓడించిన మారుతి 800 తయారీ కూడా 2014లోనే ముగిసింది.

1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తీసేశారు. కంపెనీలు వరస కట్టాయి: పెజో, దేవూ, ఓపెల్ పేరుతో జనరల్ మోటార్స్, మహీంద్రాతో కలిసి ఫోర్డ్, హోండా, మెర్సిడెస్. కొత్తగా వచ్చినవారిలో చాలామంది మధ్యతరగతి సంఖ్యను పెద్దదిగా ఊహించి, దాని కొనుగోలు శక్తిని సరిగా కొలవలేదు. ఐదారు లక్షల రూపాయల సెడాన్లు తెచ్చి ఏడాదికి కొన్ని వేలు అమ్ముకున్నారు. పెజో త్వరగానే వెళ్లిపోయింది. దేవూ మాతృసంస్థ కొరియాలో కుప్పకూలింది. నిలబడినవారు చిన్న కారుతో వచ్చినవారే. హ్యుందాయ్ 1998 సెప్టెంబరులో శాంత్రోను తెచ్చింది. టాటా అదే ఏడాది చివర ఇండికాను మార్కెట్లోకి దించింది. దేశీయంగా డిజైను చేయించుకున్న తొలి ఆధునిక కారుగా ఇండికాకు గౌరవం దక్కింది. అది డీజిల్‌తో నడిచి పల్లె రోడ్ల మీద టాక్సీగా స్థిరపడింది. 2002 వాహన విధానంతో విదేశీ పెట్టుబడికి నూరు శాతం ద్వారాలు తెరిచారు. 2003లో మారుతి షేర్లు ఒక్కొక్కటి 125 రూపాయలకు జనంలోకి వచ్చాయి. 2007కల్లా ప్రభుత్వం తన వాటా మొత్తం అమ్ముకుంది.

2006 బడ్జెట్‌లోని ఒక నిబంధన కార్ల ఆకారాన్నే మార్చింది. నాలుగు మీటర్లకు తక్కువ పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ లోపు ఇంజను ఉన్న కారుకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి దిగింది. చిన్న కార్లకు దేశాన్ని ప్రపంచ కేంద్రం చేయాలన్నది ఉద్దేశం. ఆ ఎనిమిది శాతం కోసం కంపెనీలు సెడాన్ వెనక భాగాన్ని కత్తిరించి నాలుగు మీటర్లలో ఇమిడ్చాయి. తర్వాత ఎస్‌యూవీలను కూడా అదే కొలతకు కుదించాయి. డిజైనర్ల చేతిలోని టేపు పన్ను చట్టం ఇచ్చిన టేపే. హ్యుందాయ్ ఐ10, ఫోర్డ్ ఫిగో, నిస్సాన్ మైక్రా వంటివి ఇక్కడ తయారై విదేశాలకు వెళ్లాయి. ఆ నిబంధన అలా ఉపయోగపడింది. ఇక్కడ తప్ప మరెక్కడా అర్థంలేని కొలత కావడం దాని పరిమితి.

ధరను దించే ప్రయత్నాల్లో అత్యంత సాహసమైనదీ, అత్యంత విషాదకరమైనదీ నానో. వానలో స్కూటరు మీద నలుగురు కుటుంబ సభ్యులు వెళ్తుంటే చూసి రతన్ టాటాకు ఆ ఆలోచన వచ్చిందని చెప్పుకున్నారు. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లక్ష రూపాయల కారును చూపించారు: వెనకవైపు రెండు సిలిండర్ల 624 సీసీ ఇంజను. పశ్చిమ బెంగాల్ సింగూరులో ఫ్యాక్టరీకి సుమారు 997 ఎకరాలు సేకరించారు. అది మంచి పంటలు పండే భూమి. పరిహారం తీసుకోవడానికి ఒప్పుకోని రైతుల ఆందోళన పెరిగి, 2008 అక్టోబరులో టాటా అక్కడి నుంచి వైదొలగి గుజరాత్‌లోని సనంద్‌కు మారింది. కారు 2009లో మార్కెట్లోకి వచ్చింది. సింగూరు సేకరణ చెల్లదని 2016లో సుప్రీంకోర్టు తేల్చి, భూములు తిరిగి ఇవ్వమంది. ఫ్యాక్టరీ మార్పుతో పోయిన కాలం, పెరిగిన ముడిసరుకుల ధర, కొన్ని కార్లకు మంటలు అంటుకున్న వార్తలు నానోను దెబ్బతీశాయి. అన్నిటికంటే మించి, పేదవాడి కారు అన్న ముద్ర. జీవితంలో మొదటిసారి కారు కొనే కుటుంబం దాన్ని ఇంటి ముందు గౌరవంగా నిలుపుకోవాలనుకుంటుంది. సనంద్ ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి రెండున్నర లక్షలు. మంచి సంవత్సరంలో కూడా అమ్మకాలు ముప్పావు లక్ష దాటలేదు. 2018లో తయారీ ఆగిపోయింది. నానో ఓటమితో చౌక కారు ఆలోచననే కంపెనీలు వదిలేయడం దేశానికి జరిగిన పెద్ద నష్టం. స్కూటరు మీది ఆ కుటుంబం నేటికీ వానలో తడుస్తూనే ఉంది.

ధర దించే భారం ఎవరి మీద పడిందో కార్మికుల చరిత్ర చెబుతుంది. 2000 తర్వాత కార్ల ఫ్యాక్టరీల్లో పర్మనెంటు ఉద్యోగాలు తగ్గి కాంట్రాక్టు, అప్రెంటిస్, ట్రైనీ పేర్లతో పనిచేసేవారు పెరిగారు. ఒకే లైనులో ఒకే పని చేసేవారి మధ్య జీతాల్లో పెద్ద తేడా. మానేసర్‌లోని మారుతి ఫ్యాక్టరీలో 2011లో యూనియన్ గుర్తింపు కోసం సమ్మెలు జరిగాయి. 2012 జులై 18న హింస చెలరేగి ఒక మేనేజరు చనిపోయారు. సుమారు 2,300 మందిని ఉద్యోగాల నుంచి తీసేశారు. వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులు. 2017లో కోర్టు 31 మందిని దోషులుగా తేల్చి 117 మందిని విడిచిపెట్టింది. నిర్దోషులని తేలిన చాలామంది అప్పటికే ఏళ్ల తరబడి జైల్లో గడిపారు. పరిశ్రమ నివేదికల్లో ఈ అధ్యాయానికి చోటు తక్కువ. ఇది లేకుండా ఆ దశాబ్దపు లాభాల లెక్క మాత్రం పూర్తికాదు.

తెలుగు నేల మీద కార్ల ఫ్యాక్టరీ చాలా ఆలస్యంగా వచ్చింది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో తేలికపాటి సరుకు వాహనాలు తయారుచేసింది. 1989లో ఆ యూనిట్‌ను మహీంద్రా తీసుకుంది. 2005లో ఫోక్స్‌వ్యాగన్ విశాఖపట్నం వస్తోందని నమ్మి, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఒక మధ్యవర్తి సంస్థకు పదకొండు కోట్లకు పైగా చెల్లించి మోసపోయింది. కేసు సీబీఐకి వెళ్లింది, ఫ్యాక్టరీ పుణె దగ్గరి చాకన్‌కు వెళ్లింది. ఈలోగా హ్యుందాయ్, ఫోర్డ్, రెనో-నిస్సాన్‌లతో చెన్నై దేశపు కార్ల రాజధాని అయింది. 2016లో శ్రీసిటీలో ఇసుజు పికప్‌ల ఫ్యాక్టరీ తెరిచింది. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కొరియా కంపెనీ కియా అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిని ఎంచుకుంది.

విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధానిగా చేసుకున్న పెనుకొండకు ఆధునిక కాలంలో మిగిలినది కరువు. వాన నమ్ముకుని వేరుశనగ వేసి, పంట పోతే బెంగళూరుకు కూలికి వెళ్లే ప్రాంతం అది. అక్కడ కార్ల ఫ్యాక్టరీ పెట్టడానికి తొలి అడ్డంకి నీరే. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు గొల్లపల్లి జలాశయానికి చేరాకే ఆ అడ్డు తొలగింది. బెంగళూరు-హైదరాబాదు జాతీయ రహదారి పక్కన 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు వచ్చింది. 2023 జులైలో పది లక్షలవ కారు బయటికొచ్చింది. కొరియా విడిభాగాల కంపెనీలు చుట్టుపక్కల చేరాయి. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలివ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది; నైపుణ్యం కావాల్సిన పనుల్లో ఆ లెక్క ఎంతవరకు నెరవేరుతుందన్న చర్చ ఆ ఊళ్లలో ఇంకా ఉంది. ఒక విషయం మాత్రం స్పష్టం. సెల్టోస్ మొదటి ధర 9.69 లక్షల రూపాయలు. వేరుశనగ రైతు ఇంటి నుంచి వెళ్లి లైనులో బోల్టు బిగించే యువకుడికి ఆ కారు ఇప్పట్లో అందేది కాదు.

ఈ ఎడం పెనుకొండకే పరిమితం కాదు. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్సు సంస్థ కుప్పకూలి, మిగతా ఫైనాన్సు సంస్థలు అప్పులు బిగించాయి. అదే కాలంలో మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ముందే కట్టాలన్న నియమం, ఏబీఎస్ బ్రేకులు, ఎయిర్ బ్యాగులు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఇంజన్లు వరసగా వచ్చాయి. రోడ్డు ప్రమాదాల్లో 2022 ఒక్క ఏడాదిలోనే 1.68 లక్షల మంది చనిపోయిన దేశంలో ఈ నియమాలు తప్పనిసరి. వాటిని తప్పుపట్టడం ప్రాణాలకు వెల కట్టడమే. కానీ నాలుగు లక్షల కారుకూ పదిహేను లక్షల కారుకూ ఇంచుమించు ఒకే ఖర్చు జతకావడంతో కింది మెట్టు కారే ఎక్కువ దెబ్బతింది. 2018-19లో సుమారు 34 లక్షలున్న ప్రయాణికుల వాహనాల అమ్మకాలు మరుసటి ఏడాది 28 లక్షలకు పడ్డాయి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల ఒక్క కారూ అమ్ముడుకాలేదు. 2021లో చిప్‌ల కొరత. దాంతో కంపెనీలు దొరికిన చిప్‌లను లాభం ఎక్కువున్న పెద్ద కార్లకే వాడాయి. 2022లో జపాన్‌ను దాటి భారత్ ప్రపంచంలో మూడో పెద్ద వాహన మార్కెట్ అయింది. 2024-25లో అమ్మకాలు 43 లక్షలు. వాటిలో 65 శాతం ఎస్‌యూవీలు, ఎంపీవీలే. సంఖ్య పెరిగింది, కానీ ఎక్కువగా పైమెట్టులో పెరిగింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం కారు ఉన్న ఇళ్లు 7.5 శాతం, ద్విచక్ర వాహనం ఉన్నవి దాదాపు సగం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, దాని పైన సెస్సు నుంచి 18 శాతానికి తగ్గడం ఆ రెండో వర్గం వైపు మళ్లీ చూసిన తొలి పెద్ద అడుగు.

సంఖ్య సరిపోకపోతే ఏమవుతుందో వెళ్లిపోయినవారు చూపించారు. జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపింది. దాని తలేగావ్ ఫ్యాక్టరీని హ్యుందాయ్ తీసుకుంది. ఫోర్డ్ 2021లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సనంద్‌లోని దాని ఫ్యాక్టరీని టాటా సుమారు 726 కోట్లకు కొంది. ఎగుమతులు మాత్రం ఆశాజనకంగా ఉన్నాయి. 2024-25లో 7.7 లక్షల ప్రయాణికుల వాహనాలు విదేశాలకు వెళ్లాయి. దేశీయ గిరాకీ తడబడిన ఏడాదుల్లో లైన్లు ఆగకుండా నడపడానికి ఇవే ఆసరా.

ఎలక్ట్రిక్ కారు ఈ లెక్కను మొదటి నుంచి వేయిస్తోంది. బెంగళూరులో చేతన్ మైనీ 2001లోనే రేవా అనే బుల్లి ఎలక్ట్రిక్ కారును అమ్మారు. 2010లో దాన్ని మహీంద్రా కొంది. కాలానికి ముందు వచ్చిన ఆ బండికి ఆనాడు తగిన బ్యాటరీ లేదు. 2020లో టాటా నెక్సాన్ ఈవీతో అసలు మార్కెట్ మొదలైంది. కేంద్రం ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతమే ఉంచింది. తెలంగాణ 2024 నవంబరు నుంచి రోడ్డు పన్ను మినహాయించింది. అయినా 2024-25లో మొత్తం కార్లలో వీటి వాటా రెండున్నర శాతం దగ్గరే ఉంది. కారణం మళ్లీ ధరే. బండి ఖర్చులో మూడో వంతుకు పైగా బ్యాటరీదే, ఆ బ్యాటరీలోని సెల్స్ ఎక్కువగా చైనా, కొరియాల నుంచి రావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టేసరికి మోటార్ల తయారీదారులు ఇబ్బంది పడ్డారు. ఒకప్పుడు పెట్టెల్లో వచ్చిన ఇంజన్ల స్థానంలో ఇప్పుడు సెల్స్, అయస్కాంతాలు వస్తున్నాయి.

ఎలక్ట్రిక్ కారుకు పిస్టన్లు, ఇంజెక్టర్లు, క్లచ్ ప్లేట్లు, సైలెన్సర్లు అక్కర్లేదు. మారుతి షరతుతో పుట్టిన విడిభాగాల యూనిట్లలో ఎన్నో ఈ వస్తువుల మీదే బతుకుతున్నాయి. పెద్దవి మోటార్లకు, ఎలక్ట్రానిక్స్‌కు మారుతున్నాయి. బ్యాంకు అప్పుతో రెండు లేత్ మిషన్లు పెట్టుకున్న చిన్న యూనిట్‌కు అంత వ్యవధీ పెట్టుబడీ లేవు. 2021లో కేంద్రం వాహన రంగానికి 25,938 కోట్ల, బ్యాటరీ సెల్స్‌కు 18,100 కోట్ల ఉత్పత్తి ప్రోత్సాహక పథకాలు ప్రకటించింది. వాటిలో ఎక్కువ భాగం పెద్ద పెట్టుబడి పెట్టగలవారికే అందేలా ఉంది. 1980లలో మారుతి తన వెండర్ల కంపెనీల్లో వాటా పెట్టి నిలబెట్టినట్టు చిన్న యూనిట్లను మోసే ఏర్పాటు ఇప్పుడు వాటిలో కనిపించదు.

సెల్స్ ఇక్కడే చేయాలన్న ప్రయత్నాల్లో ఒకటి తెలుగు ప్రాంతంలోనే నడుస్తోంది. 1985లో తిరుపతి దగ్గర మొదలై, అమరాన్ పేరుతో సీసం బ్యాటరీల్లో దేశమంతా పాకిన అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో లిథియం సెల్స్ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన చేసింది. పదేళ్లలో 9,500 కోట్లు పెడతామని తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. లిథియం, గ్రాఫైటు శుద్ధి ఇప్పటికీ ఎక్కువగా చైనా చేతుల్లో ఉంది కాబట్టి సెల్ ఇక్కడ తయారైనా దాని ముడిసరుకు కొంతకాలం బయటి నుంచే రాక తప్పదు. సుజుకి 2025 ఆగస్టులో గుజరాత్ హన్సల్‌పూర్ నుంచి ఈ-విటారా ఎలక్ట్రిక్ కార్లను ఎగుమతికి పంపడం మొదలుపెట్టింది. వంద దేశాలకు అమ్మే సంఖ్య ఆ ఫ్యాక్టరీకి దక్కితే, ఇక్కడ సెల్స్ తయారుచేసేవారికి తగినంత గిరాకీ మొదటిసారి దేశంలోనే ఏర్పడుతుంది.